దుప్పటి కింద సున్నా

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి.

మూడు వారాల కిందట ఇదే పేజీలో "ఫిజియో ఇంటికి రావడం అమ్మకి నచ్చలేదు, అందుకే మానిపించాం" అని రాశాను. మీలో చాలామంది నమ్మారు. అమ్మ మొండితనాన్ని భరిస్తున్నందుకు నన్ను ఓదారుస్తూ ఉత్తరాలు కూడా రాశారు. ఆ ఓదార్పంతా వెనక్కి తీసేసుకోండి. మానిపించింది నేను. ఆపరేషన్ అయిన రెండో వారంలో ఫిజియో ఒకే ఒక్కసారి వచ్చి చూసింది. మళ్లీ వచ్చినప్పుడు గుమ్మంలోనే నిలబెట్టి, "అక్కర్లేదండీ, మాకు యాప్ ఉంది" అని చెప్పి పంపేశాను. ఆ యాప్ ఎవరు తయారుచేశారని అడక్కండి. నేనే.

ఇంకో తప్పు కూడా ఉంది. అది చెప్పడానికి ఇప్పుడు నోరు రావడం లేదు. ఈ భాగం పూర్తయ్యేలోపు దానంతటదే బయటపడుతుంది, నన్ను అడక్కుండానే.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం కథ ఎక్కడుందో చెప్తాను. మా అమ్మ సిటీ బస్సు డ్రైవరు. ఇరవై రెండేళ్లు బ్రేకు తొక్కీ తొక్కీ అరిగిపోయిన కుడి మోకాలిని ఏడు వారాల కిందట తీసేసి కొత్తది పెట్టారు. డిపోలో వైద్య పరీక్ష పాసైతేనే మళ్లీ స్టీరింగు. తప్పితే ఆర్నెల్ల దాకా ఇంకో అవకాశం లేదు. అమ్మ సర్వీసు మిగిలిందే ఏడు నెలలు. అంటే ఒక్కసారి తప్పిందా, బస్సుల్లో జనం మర్చిపోయిన గొడుగులు దాచే గదిలో కూర్చుని రిటైరవ్వాలి. "ఆఖరి రోజు బండి నేనే తెచ్చి షెడ్డులో పెడతా. గొడుగులు లెక్కపెట్టుకుంటూ ఇంటికి వచ్చే రకాన్ని కాదు నేను" అని ఆపరేషన్ బల్ల మీద మత్తు ఎక్కేదాకా అందరికీ చెప్తూనే ఉందట.

ఇక్కడేమో నా గ్రాఫు పడిపోతోంది. మూడో వారంలో మోకాలు ఎనభై డిగ్రీలు వంగింది. తర్వాత డెబ్బై ఎనిమిది, డెబ్బై ఆరు. మొన్న డెబ్బై నాలుగు. ఎంత గట్టిగా వంచితే అంత తగ్గుతోంది. ఆ గ్రాఫు చూసిన సర్జన్ గురువారం ఖాళీ కడుపుతో రమ్మన్నారు. మత్తు ఇచ్చి, బిగుసుకుపోయిన మోకాలిని బలవంతంగా వంచుతారట. "ఈలోగా ఒకసారి ఫిజియో చేత కొలిపించి పంపండి" అన్నారు. పోయిన వారం కాలింగ్ బెల్ మోగిన చోట ఆపాను కదా. ఆస్పత్రివాళ్లు ఎవరిని పంపారో మీరు ఊహించే ఉంటారు.

గుమ్మంలో ఆవిడే. భుజానికి అదే నల్ల సంచి, అందులోంచి బయటికి పొడుచుకొచ్చిన అదే ప్లాస్టిక్ స్కేలు. రెండు చేతులున్న స్కేలు అది, కీలు దగ్గర పెట్టి కోణం కొలుస్తారు. ఆ స్కేలు చూసే నాన్న అప్పట్లో ఆవిడకి 'స్కేలమ్మ' అని పేరు పెట్టాడు.

"బాగున్నారా? యాప్ ఎలా పనిచేస్తోంది?" అంది.

అందులో వెటకారం ఉంటే బాగుండేది, నేనూ ఒకటి అనేదాన్ని. నిజంగానే అడిగింది.

అమ్మ పడకగదిలో మంచం మీద నడుం వాల్చి ఉంది, నడుం దాకా దుప్పటి. కిటికీ పక్కన కుట్టుమిషను ముందు నాన్న. మూడేళ్ల కిందట టైలరింగ్ షాపు మూసేశాక మిషను ఈ గదిలోకి వచ్చింది, దాని వెనకే నాన్నా వచ్చాడు. ఫిజియో లోపలికి అడుగుపెట్టగానే ఆయన సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టాడు. మిషను మీద చూస్తే గుడ్డ ముక్క కూడా లేదు.

"రా తల్లీ," అంది అమ్మ. "వచ్చే గురువారం నా కాలు విరుస్తారంట. చివరిచూపు చూసిపో."

"చూద్దామమ్మా. విరవాల్సిందేదో ముందు తేలాలి కదా." ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి నా వైపు తిరిగింది. "రోజూ ఎలా కొలుస్తున్నారో చూపించండి. నేను లేననుకోండి."

నాకు ఇలాంటి ప్రదర్శనలు కొత్త కాదు. ఆఫీసులో ఇంతకంటే గడ్డు మొహాల ముందు చేశాను. పాదాల వైపు నుంచి దుప్పటి కొంచెం పైకి లాగి, మోకాలి కిందుగా ఎముక మీద ఫోను పెట్టి, అంటుకునే పట్టీతో బిగించాను. తెర మీద 'సున్నా' బొత్తాం నొక్కాను.

"చూడండి. కాలు చాపి పడుకున్నప్పుడు సున్నా. అంటే పూర్తిగా సాగుతోంది, అందులో ఏ లోటూ లేదు. ఇక్కణ్ణుంచి మంచం అంచుకి జరిగి కాలు కిందికి వేలాడదీసి వంచుతుంది. ఫోను ఎంత తిరిగితే మోకాలు అంత వంగినట్టు. గొడవల్లా వంగడంతోనే."

"సున్నా అని ఫోను చెప్పిందా, మీరు చెప్పారా?"

"అంటే?"

"ఇప్పుడు కాలు ఎలా ఉందో అదే సున్నా అనుకో అని మీరే నొక్కారు కదా."

"ప్రతి కొలతకీ ఒక మొదలు ఉండాలి కదండీ. అందుకని..."

"దుప్పటి తీయండి."

"చలేస్తోంది నాకు," అంది అమ్మ, ఆవిడ అనీ అనకముందే.

"ఫ్యాను తిరుగుతోంది కదమ్మా."

"ఫ్యాన్ వల్లే చలి."

నాన్న లేచి నిలబడ్డాడు. "ఎండన పడి వచ్చారు. మంచినీళ్లు తెస్తాను."

"తాగే వచ్చానండీ. కూర్చోండి." ఆవిడ గొంతు పెరగలేదు. నాన్న మాత్రం బడిలో పట్టుబడ్డవాడిలా కూర్చున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, ఈ గదిలో ఏదో ఉంది, అది నాకు తప్ప ఇద్దరికీ తెలుసు.

దుప్పటి నేనే తీశాను.

అమ్మ మోకాలి కింద ఒక దిండు ఉంది. మామూలు దిండు కాదు. మోకాలి వెనక గుంటకి అచ్చు గుద్దినట్టు, ఒక వైపు వాలుగా, పిక్క ఆనడానికి చిన్న పల్లంతో, అంచుల చుట్టూ సన్నటి పట్టీ వేసి కుట్టారు. నీలం గళ్ల గుడ్డ. నా బడి యూనిఫాం అది. అంత పనితనంతో చేసిన తప్పుని నేను నా ఉద్యోగంలో కూడా చూడలేదు.

దుప్పటి కింద మోకాలు ఎత్తుగా కనిపిస్తూనే ఉండేది, రోజూ. అమ్మ మంచం అంచుకి జరిగినా దుప్పటి ముద్దగా అక్కడే ఉండిపోయేది, దాని కింద చూడలేదు నేను. వాపు అనుకున్నాను. వాపు అని ఐసు తెచ్చి పెట్టేదాన్ని. దుప్పటి మీదే.

"మోకాలి కింద దిండు పెట్టొద్దని మొదటిరోజే చెప్పాను," అంది ఫిజియో. "అదొక్కటే గుర్తుపెట్టుకోండి, మిగతావన్నీ మర్చిపోయినా పర్లేదన్నాను."

"మా ఇంట్లో మిగతావన్నీ గుర్తున్నాయి తల్లీ," అంది అమ్మ నీరసంగా.

నేను నాన్న వైపు తిరిగాను. "ఇది ఎప్పట్నించి?"

ఆయన సూదిలోంచి దారం లాగేశాడు.

"నాన్నా, ఎప్పట్నించి అని అడుగుతున్నాను!"

"నువ్వు వంచడం మొదలెట్టినప్పట్నించి!" నాన్న గొంతు అంత పైకి లేవడం నేను వినలేదెప్పుడూ. "పొద్దున్న అరగంట, సాయంత్రం అరగంట. నువ్వు ఆ ఫోను చూస్తూ 'ఇంకొంచెం, ఇంకొంచెం' అంటావు. నువ్వు ఆఫీసుపనికి అవతల గదిలోకి వెళ్తావు. ఇక్కడ గంటసేపు అది దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడుస్తుంది, నీకు వినపడకూడదని. నన్నేం చేయమంటావు? చూస్తూ కూర్చోమంటావా? కింద మెత్తగా ఏదైనా పెడితే ఊపిరి తీసుకునేది. పెట్టాను."

"నాకు చెప్పొచ్చు కదా!"

"నీకా? చెప్తే దాన్ని కూడా ఆ గ్రాఫులో పెట్టేదానివి."

ఫిజియో ఈలోపు దిండుని చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తోంది. కుట్లు చూస్తోంది. "ఇది ఒకసారి కుట్టింది కాదు. ఈ పక్క విప్పి మళ్లీ కుట్టారు. ఎన్నిసార్లు?"

నాన్న మిషను సొరుగు లాగి, షాపు రోజుల నాటి కొలతల పుస్తకం తీశాడు. ఛాతీ, భుజం, నడుం అని గళ్లు కొట్టి ఉంటుందందులో. చివరి పేజీలో, ఆయన ముత్యాల్లాంటి అక్షరాల్లో, తేదీలతో సహా: మోకాలి గుంట, ఒకటిన్నర అంగుళం. వారం తర్వాత రెండున్నర. తర్వాత మూడున్నర. మొన్న ఐదు.

"గుంట పెరుగుతూ వచ్చింది," అన్నాడు. "పాత దిండు వదులైపోయేది. వారానికోసారి కొలిచి కాస్త దూది దట్టించేవాణ్ణి. ఒంటికి సరిపోకపోతే కుట్టి లాభమేంటి?"

ఫిజియో ఆ అంకెల మీదుగా వేలు జరుపుతూ చదివింది. నేను అమ్మ కాలికున్న పట్టీ విప్పి, ఫోనులో నా గ్రాఫు తెరిచి, పక్కన ఆ పుస్తకం పెట్టుకుని తేదీలు జోడించాను. నాన్న అంకె పెరిగిన ప్రతి వారం నా అంకె తగ్గింది.

ఆవిడ దిండు పక్కన పెట్టి, అమ్మ కాలు చాపించి, మోకాలి మీద అరచేయి ఆన్చి కిందికి నొక్కింది. అమ్మ పళ్లు బిగించింది. మోకాలు పరుపుకి ఆనలేదు. దాని కిందనుంచి ఆవిడ రెండో చెయ్యి హాయిగా దూరిపోయింది. స్కేలు పెట్టి చూసింది.

"పూర్తిగా సాగడానికి పదిహేను డిగ్రీలు తక్కువ. రెండో వారంలో ఐదే ఉండేది."

తర్వాత మంచం అంచున కూర్చోబెట్టి, మెల్లగా కాలు వెనక్కి వంచింది. అంత మెల్లగా ఎవరైనా వంచుతారని కూడా నాకు తెలీదు. అమ్మ కేక వేయలేదు. స్కేలు పెట్టింది.

"తొంభై రెండు."

"ఎంతా?" అన్నాను.

"తొంభై రెండు. చక్కగా వంగుతోంది. మీరు కొలత మొదలుపెట్టినప్పటికే కాలు దిండు మీద వంగి ఉంది. ఆ వంకరకి సున్నా అని పేరు పెట్టి అక్కణ్ణుంచి లెక్కేశారు. దిండు పెరిగేకొద్దీ మీ అంకె పడిపోయింది. అది చూసి మీరింకా వంచారు. నొప్పెక్కువైతే అంకుల్ ఇంకా దూది దట్టించారు. వంగడానికి ఏమీ కాలేదు. సాగడం పోయింది."

"అంటే," అంది అమ్మ నిదానంగా, "ఐదు వారాలు నేను ఏడ్చిన ఏడుపంతా రాంగ్ రూటులోనా?"

నవ్వాలని చూశాను. అమ్మ నవ్వడం లేదు.

"అమ్మా, సారీ. నేను..."

"వంగుతోందే అన్నాను నీకు. ఒక్కసారి కాదు, నాలుగుసార్లు అన్నాను. 'నాకు తెలుస్తోందే, ముందుకంటే నయంగా ఉంది' అన్నాను. నువ్వేమన్నావ్? ఫోను నా మొహం ముందు పెట్టి 'డెబ్బై నాలుగు' అన్నావ్. కాలు నాది. ఇరవై రెండేళ్లు ఆ కాలితో రోజుకి వెయ్యిమంది ఎక్కే బండిని ఆపాను. ఎంత తొక్కితే ఎంత ఆగుతుందో ఈ కాలే చెప్పేది నాకు. నా మాట కంటే ఆ పట్టీ కట్టిన డబ్బా ఎక్కువైపోయింది నీకు."

నేను ఫోను తెర ఆపి, మిషను మీద బోర్లించాను.

"మీరూ తక్కువ కాదు లెండి," అని అమ్మ నాన్న వైపు తిరిగింది. "గుంట పెరుగుతోందని తెలిసీ దూది కూరతారా? గోతిలో పడ్డదానికి గొయ్యి సరిపోవట్లేదని ఇంకాస్త తవ్వినట్టుంది మీ వరస."

"నువ్వే కదే అడిగావు, ఇంకొంచెం ఎత్తు కావాలని?"

"అడిగితే ఇచ్చేస్తారా? పెళ్లైనప్పట్నించి అడిగినవి ఎన్ని ఇచ్చారు?"

ఫిజియో చెయ్యి ఎత్తింది. "ఇద్దరూ తర్వాత పోట్లాడుకోండి, టైముంది. గురువారం మత్తు అక్కర్లేదు, ఈ అంకెలు ఇప్పుడే సర్జన్‌కి పంపుతాను. ఇప్పట్నించి పని తిరగేసి చేయాలి. మడమ కింద గుడ్డ చుట్ట, మోకాలు గాల్లో, దానంతటది కిందికి దిగాలి. పూటకి నాలుగుసార్లు, పదేసి నిమిషాలు. డిపో పరీక్ష ఎప్పుడు?"

"ఇంకా ఐదు వారాలుంది," అన్నాను.

"ఐదు వారాల్లో పదిహేనుని ఐదుకి తేవచ్చు. మాటివ్వలేను. కానీ తేవచ్చు. ఇలాగే వెళ్తే మాత్రం బ్రేకు మీద పాదం చివరిదాకా దిగదు, మొదటి నిమిషంలోనే పట్టేస్తారు."

నాన్న దిండు తీసుకున్నాడు. కుట్లు విప్పే చిన్న కత్తితో ఒక్కో కుట్టూ విప్పి, దూదంతా సంచిలోకి దులిపేసి, ఖాళీ అయిన నీలం గళ్ల గుడ్డని గట్టిగా చుట్ట చుట్టాడు. అమ్మ మళ్లీ మంచం మీద కాళ్లు చాపుకోగానే, అడక్కుండానే ఆమె మడమ కింద పెట్టాడు. "ఇంత చాలా ఎత్తు?" అని ఫిజియోని అడిగాడు. ఆవిడ తలూపింది.

మోకాలు గాల్లో నిలబడింది. పది నిమిషాలు. ఒక నిమిషానికే అమ్మ నుదుటి మీద చెమట పట్టింది. రెండు చేతులతో మంచం పట్టె పట్టుకుని, కళ్లు మూసుకుని, తన రూటులో స్టాపులు చెప్పడం మొదలుపెట్టింది. డిపో నుంచి పదినిమిషాల్లో ఏడు స్టాపులు.

"డిపో గేటు... పోస్టాఫీసు... కోర్టు..."

"వదిలేయండమ్మా, మోకాలు బిగించొద్దు. బరువు దాన్ని దిగనివ్వండి," అంటోంది ఫిజియో.

"కోర్టు దగ్గర ఎప్పుడూ రద్దీయే తల్లీ... ఆగాలి... పాత సినిమాహాలు..."

నేను గోడకి ఆనుకుని చూస్తున్నాను. ఏడు వారాల్లో మొదటిసారి స్క్రీను కాకుండా మోకాలిని చూస్తున్నాను. కుట్ల మచ్చ దగ్గర చర్మం సన్నగా వణుకుతోంది. వెంట్రుకవాసి కిందికి దిగినట్టే ఉంది. నిజంగా దిగిందో, నాకు అలా అనిపించిందో.

"ఆస్పత్రి మలుపు..."

అమ్మ ఫోను మోగింది. డిపో. చేతులు ఖాళీ లేక అమ్మ గడ్డంతో సైగ చేసింది, నాన్న ఎత్తి స్పీకరు పెట్టి ఆమె పక్కన తలదిండు మీద ఉంచాడు.

"అక్కా, నేనే, ఆఫీసు నుంచి!" డిపో గుమాస్తా గొంతు గదంతా నిండింది. "శుభవార్త! మన డాక్టరుగారు మీ ఫారం చూశారు. కాలు పూర్తిగా సాగుతోంది, లోటు సున్నా అని ఉంది కదా. సీట్లో కూర్చోడానికి డెబ్బై నాలుగు వంగితే చాలన్నారు. ఎల్లుండి బుధవారం ఒక ఖాళీ వచ్చింది. పొద్దున్న పదింటికి. ఐదు వారాలు ఆగడం ఎందుకని మీ పేరు ఎక్కించేశాను. ఒకసారి ఎక్కిస్తే మార్చరు, తెలుసు కదా!"

అమ్మ కళ్లు తెరిచింది. మడమ మాత్రం చుట్ట మీంచి జరపలేదు.

"ఏ ఫారం?" అంది. అడిగింది ఫోనుని, చూసింది నన్ను.

"అదేనక్కా, పోయిన గురువారం మీ అమ్మాయి ఆన్‌లైన్‌లో పంపింది. భలే పద్ధతిగా నింపింది. ఫిజియో ధ్రువీకరణ కూడా ఉంది, పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ అన్నీ."

ఇదీ నా రెండో తప్పు.

డిపో వైద్య పరీక్షకి ఇవ్వాల్సిన ఆ ఫారం ముందే పంపితే అమ్మ మనసు కుదుటపడుతుందనుకున్నాను. అన్నీ నింపాక 'చికిత్స చేసినవారి పేరు, నంబరు' అనే గడి దగ్గర ఆగింది. పక్కన ఎర్ర చుక్క. ఖాళీగా వదిలితే తర్వాతి పేజీకి వెళ్లనివ్వదు. అలాంటి గళ్లు నా ఉద్యోగంలో నేనే పెడుతుంటాను. జనం అందులో ఏదో ఒకటి నింపి ముందుకి పోతారని కూడా నాకే బాగా తెలుసు. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఆవిడ కార్డు ఉంది. చూసి కొట్టాను. పట్టుమని పది సెకన్ల పని.

ఇప్పుడు ఆ కార్డు మనిషి నాకు మూరెడు దూరంలో నిలబడి ఉంది. తను కొలవని కాలికి, తను రాయని సున్నాకి, తన నంబరు. ఆవిడ మొహంలో కోపం కోసం వెతికాను. ఇంకా రాలేదు. స్కేలు రెండు చేతులూ నెమ్మదిగా మూసి సంచిలో పెట్టుకుంది.

"అక్కా, వినపడుతోందా?" అన్నాడు గుమాస్తా. "ఇంకొక్క చిన్న విషయం. డాక్టరుగారు ఆ ఫిజియోతో ఒక్క మాట మాట్లాడాలంటున్నారు, ఊరికే లాంఛనానికి. ఇక్కడే ఉన్నారు ఆయన. ఆవిడ ఫోను నంబరు పంపుతారా?"

ఆవిడ నిజం చెప్తే అది దొంగ ఫారం. నా సంగతి సరే, దొంగ కాగితంతో సీటు అడిగిందని అమ్మ పేరు మీద పడుతుంది, ఐదు వారాల తర్వాతి పరీక్ష కూడా పోతుంది. అబద్ధం చెప్తే ఎల్లుండి పదింటికి, పదిహేను డిగ్రీల వంకర కాలితో అమ్మ ఆ బ్రేకు మీద పాదం పెట్టాలి. రెండు దారులూ గొడుగుల గదికే.

నాన్న నా వైపు చూడటం లేదు. అమ్మ నన్నే చూస్తోంది.

"నీళ్ల ట్యాంకు," అంది అమ్మ, చాలా చిన్నగా. ఇంకొక్క స్టాపు ఉంది.

ఫిజియో వంగి, తలదిండు మీదున్న ఫోను తీసుకుంది. స్పీకరు ఆపలేదు.

"హలో. ఆ ఫిజియోని నేనే," అంది. "డాక్టరుగారికి ఇవ్వండి."

ఈ వారం నాకు ఓదార్పు ఉత్తరాలు వద్దు, తిట్లు కావాలంటే రాయండి, అవి దాచుకుంటాను. కానీ అంతకంటే ముందు ఒకటి చెప్పండి. ఎర్ర చుక్క ఉన్న గడిలో మీరెప్పుడైనా ఇంకొకరి పేరు నింపారా? ఇంట్లో మనిషి "నాకు బాగానే ఉందే" అంటుంటే, చేతిలో ఉన్న అంకెనే నమ్మారా? వాళ్లు మీ ఎదుటే ఉండి మీ వైపే చూసినప్పుడు, మొదటి మాట ఎవరన్నారు, ఏమన్నారు? ఉన్నదున్నట్టు రాయండి. మా గదిలో ఆ లైను అవతల ఎవరో కుర్చీ జరుపుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది, నేనింకా నోరు తెరవలేదు.